నాడి చెప్పే యంత్రానికి నాథుడెవరు?

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం వైర్‌లెస్ కేంద్రానిది, ఆసుపత్రి రాష్ట్రానిది, మందులు ఉమ్మడి జాబితాలోనివి. కేంద్ర జాబితాలో 31వ అంశం, రాష్ట్ర జాబితాలో 6వ అంశం, ఉమ్మడి జాబితాలో 19వ అంశం తిరగవేస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఈ మూడింటినీ విడివిడిగా రాసిన పెద్దలు, ఏదో ఒకనాడు ఇవన్నీ ఒక హృద్రోగి ఛాతీ మీద అంటించిన చిన్న బిళ్లలో వచ్చి కలుస్తాయని ఊహించి ఉండరు. ఊహించకపోవడం వారి తప్పు కాదు. ఆ బిళ్ల గుండె వేగాన్ని కొలుస్తుంది కనుక అది వైద్య పరికరం. 2020 ఫిబ్రవరి నాటి కేంద్ర ప్రకటన ప్రకారం వైద్య పరికరమంటే చట్టం దృష్టిలో మందుతో సమానం. కొలిచిన అంకెను గాలిలో పంపుతుంది కనుక అది వైర్‌లెస్ యంత్రం. ఆ అంకెను చూసి కదలవలసిన ప్రభుత్వ వైద్యుడు రాష్ట్రం జీతమిచ్చే ఉద్యోగి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్న సామెత మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు.

దూరాన ఉన్న రోగిని సెన్సార్ల ద్వారా రేయింబవళ్లు కనిపెట్టి ఉండే ఈ పద్ధతి మీద దేశ రాజధానిలో నేడు ఆశలు మిక్కుటంగా ఉన్నాయి. మంత్రిత్వ శాఖల పత్రాలలో, పారిశ్రామిక సంఘాల సదస్సులలో దీని ప్రస్తావన లేని రోజు అరుదు. పార్లమెంటు ఆవరణలో చేతి గడియారం వంక చూసుకునే సభ్యుడు సభకు వేళయిందని చూస్తున్నాడో, తన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చూస్తున్నాడో చెప్పలేని కాలమిది.

ఆశకు కారణం లేకపోలేదు. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలను బట్టి సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ఉండవలసిన స్పెషలిస్టు వైద్యులలో దాదాపు 80 శాతం మంది కొరవడ్డారు. వైద్యుడు ఊరికి రాడు, రోగి నగరానికి పోలేడు. నడుమ నలిగేది ప్రాణం. ఈ దూరాన్ని తెర మీద బొమ్మతో, తీగ మీద మాటతో దాటించవచ్చునని మనవారు ఏనాడో గ్రహించారు. చిత్తూరు జిల్లా అరగొండలో నెలకొల్పిన టెలీమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించిన ఉదంతం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2019 నవంబరులో కేంద్రం తలపెట్టిన ఈ-సంజీవని సేవను ఆరోగ్య కేంద్రాల ద్వారా మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2023 ఫిబ్రవరి నాటికి ఆ సేవ ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. ఇది చిన్న విషయం కాదు.

ఐతే సంప్రదింపు వేరు, నిరంతర పర్యవేక్షణ వేరు. సంప్రదింపులో రోగి తనంత తాను వచ్చి కూర్చుంటాడు. లైను తెగితే మళ్లీ కలుపుకుంటారు, మహా ఐతే మర్నాడు రమ్మంటారు. పర్యవేక్షణలో అట్లా కాదు. రోగి నిద్రపోతూ ఉంటాడు, యంత్రం మేలుకుని ఉండాలి. వేలికి తొడిగిన సెన్సార్ కొలవాలి, చిన్న రేడియో దానిని గోడ మీది రిలేకు అందించాలి, రిలే గేట్‌వేకు, గేట్‌వే మొబైల్ నెట్‌వర్కుకు, అక్కడి నుంచి ఎక్కడో ఉన్న సర్వరుకు, సర్వరు ఒక మనిషి కంటికి చేర్చాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా తెర మీద అంకె రాదు. అంకె రాకపోవడం రోగి క్షేమంగా ఉన్నాడనడానికి గుర్తా, పోయాడనడానికి గుర్తా? విశ్వసనీయత అని ఇంజనీర్లు పలికే మాటకు సామాన్య భాషలో అర్థం ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే.

ఈ విషయంలో నిగ్గుతేల్చిన పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు బార్న్స్-జ్యూయిష్ ఆసుపత్రి వార్డులో 46 మంది రోగులకు వైర్‌లెస్ నాడీ-ఆక్సిజన్ సెన్సార్లు తగిలించి, అందరికీ కలిపి 41 రోజుల పర్యవేక్షణ జరిపి, ఫలితాలను 2010లో ప్రకటించారు. వారు చేసిన మేలైన పని ఏమంటే, విశ్వసనీయతను ఒకే ముద్దగా కాక రెండు ముక్కలుగా కొలవడం. సెన్సార్ పంపిన అంకె గమ్యం చేరిందా అన్నది ఒకటి. అసలు సెన్సార్ కొలిచిన అంకె పనికి వచ్చేదేనా అన్నది రెండవది. మొదటి దాని మధ్యస్థ విలువ 99.68 శాతం. రేడియోలు, రిలేలు, అన్నీ కలిపి వందకు వంద అనదగినంత దివ్యంగా పనిచేశాయి. రెండవది 80.85 శాతం. కొందరు రోగుల విషయంలో ఇంకా అధ్వాన్నం.

అంటే వైర్‌లెస్ అనగానే మనం భయపడే గాలి మార్గం నిక్షేపంగా ఉన్నది. లోపం వేలి దగ్గర. రోగి పక్కకు ఒత్తిగిలుతాడు, భోజనానికి చెయ్యి చాస్తాడు, స్నానానికి లేస్తాడు, చిరాకుపడి తీసి పక్కన పెడతాడు. సెన్సార్ జారుతుంది, మసక అంకె పంపుతుంది, ఆ మసక అంకెను నెట్‌వర్కు ఎంతో విశ్వాసపాత్రంగా గమ్యం చేరుస్తుంది. తప్పు చిరునామా రాసిన ఉత్తరాన్ని తపాలావారు సకాలంలో బట్వాడా చేసినట్లన్నమాట. నివారణోపాయాలు కూడా ఆ పరిశోధకులే సూచించారు: కావలసిన దానికంటె ఎక్కువసార్లు కొలవడం, సెన్సార్ ఊడినప్పుడు కూత పెట్టించడం. కాని కూత విని వెళ్లి మళ్లీ తగిలించడానికి ఆ వార్డులో నర్సులున్నారు. మన్యంలోని గుడిసెలో ఎవరున్నారు?

పైగా ఆసుపత్రిలో నమ్మదగిన సెన్సార్ అందరి చర్మం మీద ఒకే తీరున నమ్మదగినది కాదు. ఆక్సీమీటర్ వేలి గుండా కాంతిని పంపి రక్తంలో ప్రాణవాయువు పాలు లెక్కకడుతుంది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా లెక్క తప్పవచ్చు. చర్మం రంగు సంగతి ఇంకా తీవ్రమైనది. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో ప్రకటించిన పరిశోధన ప్రకారం, యంత్రం 92 నుంచి 96 మధ్య చూపిన సందర్భాలలో అసలు రక్తపరీక్షలో 88కి దిగువన తేలినవి తెల్లవారిలో 3.6 శాతం కాగా, నల్లవారిలో 11.7 శాతం. అదే సంవత్సరం వేసవిలో ఢిల్లీ ప్రభుత్వం ఇంటి వద్ద చికిత్స పొందుతున్న కోవిడ్ రోగులకు ఇవే యంత్రాలు పంచి, ముఖ్యమంత్రి నోట ‘సురక్షా కవచం’ అనిపించింది. ఆ యంత్రాల వల్ల ఎందరో సకాలంలో ఆసుపత్రి చేరారు, సందేహం లేదు. కాని ఆ కవచం ఎవరి మేని ఛాయకు కొలతలు తీసి కుట్టినదన్న ప్రశ్న ఏ సభలోనూ గట్టిగా వినిపించలేదు. చామనఛాయ దేశంలో వినిపించవలసిన ప్రశ్న అది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ లోపం మీద 2025 జనవరిలో కొత్త మార్గదర్శకాల ముసాయిదా ప్రకటించింది.

గాలి మార్గం నిక్షేపంగా ఉందన్నాను గదా, అది ఆ ఆసుపత్రిలో, ఆ సమయంలో మాత్రమే. దాని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1998 ఫిబ్రవరి 27న డాలస్ నగరంలో ఒక టెలివిజన్ కేంద్రం తన డిజిటల్ ప్రసారాలను పరీక్షించడం ప్రారంభించింది. అదే క్షణాన ఆ ఊరి బేలర్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో హృద్రోగుల గుండె చప్పుడును గాలి ద్వారా అందించే యంత్రాలు పదుల సంఖ్యలో మూగబోయాయి. టెలివిజన్ వారు తప్పు చేయలేదు, తమకు లైసెన్సు ఉన్న ఛానెల్‌లోనే ప్రసారం చేశారు. ఆసుపత్రీ తప్పు చేయలేదు, అంతవరకు ఖాళీగా ఉన్న ఛానెల్‌ను అనుమతి మేరకే వాడుకున్నది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే. తెలియగానే ప్రసారం నిలిపివేశారు. అదృష్టవశాత్తు రోగులకు హాని జరగలేదు. ఐతే అమెరికా ప్రభుత్వం అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేదు. 2000లో వైద్య యంత్రాల కోసమే మూడు తరంగ శ్రేణులు కేటాయించింది. 2012లో శరీరం మీద ధరించే సెన్సార్లకు 2,360 నుంచి 2,400 మెగాహెర్జ్‌ల వరకు మరొక మేర విడిచింది.

మన దేశంలో ఒంటిమీది సెన్సార్లలో అత్యధికం మాట్లాడుకునేది 2.4 గిగాహెర్జ్ మేరలో. 2005లో కేంద్రం లైసెన్సు అక్కరలేదని ప్రకటించిన మేర అది. వైఫై, బ్లూటూత్, పొరుగింటివారి స్పీకరు అక్కడివే. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి చేసే రొద కూడా అక్కడిదే. అది సంతవీధి. ఎవరైనా రావచ్చు, ఎవరికీ హక్కు లేదు. సంతలో వ్యాపారం చేసుకోవచ్చు, తప్పులేదు, కాని ప్రాణం మీదికి వచ్చినప్పుడు దారి విడవమనే అధికారం ఎవరికీ ఉండదు. అదీగాక మనిషి ఒళ్లు చాలావరకు నీరు. ఆ మేరలోని తరంగాలను అది బాగా పీల్చుకుంటుంది. రోగి సెన్సార్ ఉన్న వైపుకు తిరిగి పడుకుంటే అతని దేహమే అతని కబురుకు అడ్డుగోడ అవుతుంది. కొత్త ఇంజనీర్లు ప్రయోగశాలలో గమనించని సంగతి ఇది. రోగి ఇంట్లో మొదటి రాత్రే బయటపడుతుంది.

పొరుగు దేశాల వంక చూద్దాం. బంగ్లాదేశ్‌లో అతిసారం నివారించాలని 1970ల నుంచి తవ్వించిన గొట్టపు బావులు కోట్ల మందికి ఆర్సెనిక్ విషాన్ని తాగించాయి. ఆ విషం భూగర్భ జలంలోకి ఎట్లా చేరుతున్నదో కనిపెట్టడానికి 2006లో పరిశోధకులు ఢాకా సమీపాన మున్షీగంజ్ ప్రాంతపు వరి పొలంలో వైర్‌లెస్ సెన్సార్లు పాతారు. వారికి విషం గుట్టుకంటె ముందు సెన్సార్ల గుట్టు తెలిసివచ్చింది. బురదలో పాతిన సెన్సార్ చెడిపోయి కూడా అంకెలు పంపుతూనే ఉంటుంది. చచ్చిన సెన్సార్ మౌనం వహిస్తే పసిగట్టవచ్చు, అబద్ధమాడే సెన్సార్‌ను పసిగట్టడమే కష్టం. పొలంలో తిరిగే మనిషికి, ‘ఇదిగో ఈ సెన్సార్‌ను అనుమానించు, పోయి చూడు’ అని అక్కడికక్కడే చెప్పగల పద్ధతి ఒకటి కావాలని వారు తేల్చారు.

నేపాల్ కథ వేరు. మ్యాగ్ది జిల్లా నాంగీ గ్రామంలో మహాబీర్ పున్ అనే ఉపాధ్యాయుడు పాత పరికరాలు అడిగి తెచ్చుకుని, కొండ మీది చెట్టుకు యాంటెనా కట్టి, లోయల మీదుగా పల్లెలను వైర్‌లెస్‌తో కలిపాడు. ఆ తీగలేని తీగ మీదుగా కొండపల్లెల ఆరోగ్య కార్యకర్తలు పట్నపు వైద్యులతో మాట్లాడారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. సరంజామా నాసిరకం, వాతావరణం దుర్భరం, ఐనా ఆ నెట్‌వర్కు నిలిచింది. యాంటెనా పడిపోతే ఎక్కి కట్టే మనిషి ఆ ఊళ్లోనే ఉండటమే అందుకు కారణం. లక్షల రూపాయల యంత్రాన్ని గోదాములో తుప్పుపట్టనిచ్చే మన వ్యవస్థకు ఇందులో గ్రహించవలసినది ఉన్నది.

మన ఘనతను కూడా చెప్పుకోవాలి. 2015లో 12 రాష్ట్రాలలో ప్రారంభమై క్రమంగా దేశమంతటా వ్యాపించిన ఈ-విన్ వ్యవస్థ టీకాల ఫ్రిజ్‌లలో సిమ్ కార్డున్న ఉష్ణమాపకాలు అమర్చింది. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలి. ఎక్కడో మారుమూల ఆరోగ్య కేంద్రంలో అర్ధరాత్రి కరెంటు పోయి వేడి పెరిగితే ఫలానా ఉద్యోగి ఫోనుకు కబురు వస్తుంది, ఉదాసీనంగా ఉంటే పై అధికారి తెరమీద కనబడుతుంది. దాదాపు 29 వేల శీతల కేంద్రాలు ఇట్లా కంటికి అందాయి. కోవిడ్ టీకాల కాలంలో కోవిన్ ఏర్పాటుకు పునాది కూడా ఇదే. ప్రభుత్వరంగంలో, మన దుమ్ములో, మన కరెంటు కోతలలో సెన్సార్ల నెట్‌వర్కు నడవగలదని ఇది నిరూపించింది.

ఎందువల్ల నడిచింది? ఫ్రిజ్ పక్కకు దొర్లదు, చిరాకుపడి ఉష్ణమాపకాన్ని పీకి పారవేయదు అన్నది సగం సమాధానం. మిగతా సగం, ప్రతి ఫ్రిజ్‌కు ఒక బాధ్యుడు ఉన్నాడు, అతని పేరు, ఫోను నంబరు వ్యవస్థలో రాసి ఉన్నాయి. రోగి విషయంలో ఈ రెండవ సగాన్ని మనం ఇంకా రాసుకోలేదు. ఫ్రిజ్‌కు నాథుడున్నాడు గాని హృద్రోగికి లేడనడం వింటే విడ్డూరంగా తోచవచ్చు, కాని పరిస్థితి అదే.

అవతలి కొసన మనిషి లేకపోతే యంత్రం ఎంత గొప్పదైనా నిష్ప్రయోజనమనడానికి రెండు పెద్ద పరీక్షల సాక్ష్యం ఉన్నది. అమెరికాలో 1,653 మంది హృద్రోగుల మీద జరిపి 2010లో వెల్లడించిన పరీక్షలో, రోగులు రోజూ యాంత్రిక స్వరం అడిగే ప్రశ్నలకు టెలిఫోను మీటలు నొక్కి తమ బరువు, లక్షణాలు చెప్పాలి. మామూలు చికిత్స కంటె చావులు తగ్గలేదు, ఆసుపత్రికి మళ్లీ చేరడమూ తగ్గలేదు. ఆ పద్ధతిని అప్పగించినవారిలో 14 శాతం మంది ఒక్కసారైనా వాడలేదు. ఆఖరి వారానికి వారానికి మూడుసార్లైనా వాడుతున్నవారు 55 శాతమే. జర్మనీలో 1,571 మందిని చేర్చుకుని 2018లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో మరణాల రేటు స్పష్టంగా తగ్గింది: నూరుగురికి సాలీనా 11.3 నుంచి 7.9కి. అక్కడ రోగి ఇంట్లోని పరికరాలు పంపిన బరువు, రక్తపోటు, గుండె రేఖ, ప్రాణవాయువు అంకెలను బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి కేంద్రంలో వైద్యులు, నర్సులు ఇరవైనాలుగు గంటలూ చూస్తూ కూర్చున్నారు. మందు మార్చవలసి వస్తే అప్పటికప్పుడే మార్చారు. రెండు పరీక్షల నడుమ పరికరాల తేడా కొంత ఉన్నమాట నిజం. అంతకుమించిన తేడా ఆ కుర్చీలో కూర్చున్న వైద్యునిది.

ఇక కూతల సంగతి. అమెరికా ఆసుపత్రుల ప్రమాణాలను చూసే జాయింట్ కమిషన్ 2013లో చేసిన హెచ్చరిక ప్రకారం 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా యంత్రాల కూతలకు సంబంధించిన 98 దుర్ఘటనలు తన దృష్టికి రాగా, వాటిలో 80 మరణాలకు దారితీశాయి. నూటికి ఎనభై అయిదుకు మించిన కూతలు పట్టించుకోనవసరం లేనివని అక్కడివారి అంచనా. అకారణంగా మొరిగే కుక్కను ఇంటివారు పట్టించుకోరు. దొంగ వచ్చినప్పుడు మొరిగినా పట్టించుకోరు. మన గ్రామాలలో ఈ కూతలు ఎవరి ఫోనులో మోగుతాయి? ఏ పథకం వచ్చినా చివరకు భారం పడేది దేశంలోని దాదాపు 10 లక్షల ఆశా కార్యకర్తల మీద. వారిని ఉద్యోగులుగా గుర్తించడానికి సిద్ధపడని ప్రభుత్వాలు, గౌరవ వేతనం మీద పనిచేసే ఆ స్త్రీలను ఇరవైనాలుగు గంటల హృద్రోగ విభాగంగా మార్చదలచుకుంటే, ఆ మాట ముందుగా బడ్జెట్ పత్రాలలో కనబడాలి.

ఇంతవరకు చెప్పినవి యంత్ర దోషాలు, మానవ దోషాలు. మన దేశంలో మూడవది ఒకటున్నది, దానికి ఏ ఇంజనీరూ మందు కనిపెట్టలేడు. అది సర్కారే స్వహస్తాలతో లైను కోయడం. కాశ్మీరులో గుండె వైద్యులు కొందరు వాట్సాప్ బృందంగా ఏర్పడి, గ్రామీణ ఆసుపత్రుల నుంచి వచ్చే గుండె రేఖలను చూసి అక్కడి వైద్యులకు తక్షణ సలహాలు ఇస్తూ ఉండేవారు. 2019 ఆగస్టు 5న రాష్ట్ర ప్రతిపత్తిని మార్చిన రోజున ఇంటర్నెట్ పోయింది, దానితోపాటు ఆ సలహాలూ పోయాయి. మొబైళ్లలో వేగవంతమైన 4జి సేవ పునరుద్ధరణ జరిగింది 2021 ఫిబ్రవరిలో. మణిపూర్‌లో 2023 మే నెలలో నిలిచిన మొబైల్ ఇంటర్నెట్, నడుమ కొద్ది రోజులు మినహా, డిసెంబరు దాకా నిలిచే ఉన్నది. పరీక్షలలో కాపీ కొట్టకుండా చూడటానికి సైతం జిల్లాలకు జిల్లాలు ఇంటర్నెట్ ఆపిన రాష్ట్రాలున్నాయి. శాంతిభద్రతల అవసరం ఎప్పుడూ ఉండదని ఈ విలేఖరి వాదించడు. కాని నిరవధికంగా ఆపడం చెల్లదని, ఉత్తర్వులు ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న స్పష్టం చేసింది. 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకొక సంగతి బయటపెట్టింది: ఏడాదికి ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ ఇంటర్నెట్ ఆపారో టెలికాం శాఖ వద్దా లెక్క లేదు, హోం శాఖ వద్దా లెక్క లేదు.

రోగి ఛాతీ మీది బిళ్లను ఎన్ని తొమ్మిదుల విశ్వసనీయతతో తయారు చేసినా, జిల్లా యంత్రాంగం ఒక్క కాగితంతో దానిని సున్న చేయగల దేశంలో ఆ తొమ్మిదులకు విలువేమిటి? ఈ ప్రశ్నను చర్చించడానికి తగిన అవకాశం ఒకటి వచ్చి పోయింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని, 1933 నాటి వైర్‌లెస్ చట్టాన్ని తోసిరాజని కొత్త టెలికాం బిల్లు 2023 డిసెంబరు 20న లోక్‌సభలో, మర్నాడు రాజ్యసభలో గట్టెక్కింది. నూటనలభైకి పైగా ప్రతిపక్ష సభ్యులు అప్పటికి సస్పెండ్ అయి వెలుపల ఉన్నారు. తొంభై ఏళ్ల నాటి వైర్‌లెస్ చట్టానికి వీడ్కోలు చెప్పే వేళ, తరంగాల మీద ఆధారపడిన రోగి ప్రాణం గురించి మాట్లాడవలసిన బల్లలు ఖాళీగా ఉన్నాయి. 2024 నవంబరులో ఆ చట్టం కింద సేవల నిలుపుదల నియమాలు వచ్చాయి. ఉత్తర్వు పదిహేను రోజులు మించరాదు, ప్రచురించాలి. సరే. పదిహేను రోజులు హృద్రోగికి స్వల్పకాలం కాదు.

గొలుసు ఆఖరి కొసన ఉన్న సర్వరు మాత్రం సురక్షితమా అంటే, ఈ ఊళ్లోనే జవాబున్నది. 2022 నవంబరు 23న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్ల మీద దాడి జరిగి, దాదాపు రెండు వారాలు దేశంలోకెల్లా పేరుమోసిన ఆసుపత్రి కాగితం, కలం చేతబట్టి నడిచింది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయని, నెట్‌వర్కును సరిగా విభజించుకోకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకున్నది. ఢిల్లీ నడిబొడ్డున ఉన్న సంస్థ గతే అదైతే, జిల్లా ఆసుపత్రి మూలగదిలో ఫ్యాను కింద నడిచే సర్వరు సంగతి వేరే చెప్పాలా?

ఇన్ని చిక్కులున్నాయి కనుక ఈ పద్ధతి వద్దనడం మూర్ఖత్వం. వైద్యుడు లేని చోట 80 శాతం నమ్మదగిన సెన్సార్ కూడా ఏమీ లేనిదాని కంటె మేలని కొందరు నిపుణులంటారు. ఈ వాదంలో కొంత నిజమున్నది, కొంత ప్రమాదమూ ఉన్నది. తన దగ్గర ఏమీ లేదని తెలిసిన కుటుంబం ఛాతీలో నొప్పి రాగానే బండి కట్టిస్తుంది. బిళ్ల ఉన్నదని నమ్మిన కుటుంబం అది కూయలేదు గదా అని తెల్లవారేదాకా చూస్తుంది. అరకొర నమ్మకం కంటె తన నమ్మదగనితనాన్ని నిజాయితీగా చెప్పుకునే యంత్రం మేలు. అందుకే ఎన్ని పరికరాలు పంచారన్న లెక్కతో ప్రభుత్వాలు తప్పించుకోరాదు. పంచిన పరికరాల నుంచి రావలసిన కొలతలలో ఎన్ని గమ్యం చేరాయి, చేరినవాటిలో ఎన్ని పనికివచ్చేవి, పనికివచ్చినవాటిలో ప్రమాదం సూచించినవాటికి ఎన్ని నిమిషాలలో మనిషి కదిలాడు? సెయింట్ లూయీ పరిశోధకులు పదిహేనేళ్ల క్రిందటే ఇందులో రెండింటిని విడివిడిగా లెక్కకట్టి చూపారు. మన ప్రభుత్వ కొనుగోలు టెండర్లలో ఈ అంకెలను షరతులుగా పెట్టడానికి, ఏటా జిల్లాల వారీగా ప్రకటించడానికి కొత్త శాస్త్రమేదీ అక్కరలేదు.

విఫలమైన పరికరానికి జవాబుదారీ ఎవరన్నది మరింత మొండి ప్రశ్న. 2017 వైద్య పరికరాల నియమాలు ప్రమాదాన్ని బట్టి పరికరాలను నాలుగు తరగతులుగా విభజించాయి. సాఫ్ట్‌వేర్‌ను కూడా పరికరంగా లెక్కించాయి. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే కార్యక్రమం 2015 జూలై నుంచి ఘాజియాబాదులోని ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యాన నడుస్తున్నది. ఐతే ఇదంతా విరిగిన, పగిలిన, విషం చిమ్మిన పరికరాల కోసం తీర్చిన ఏర్పాటు. అంకె పంపకుండా ఊరకున్న పరికరం మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఫిర్యాదు చేయవలసినవాడు చనిపోయి ఉంటాడు, అతని ఇంటివారు అది విధి అనుకుంటారు. ఒంట్లో అమర్చిన వస్తువుల విషయంలోనే మన అనుభవం చేదు: ప్రపంచమంతటా 2010లో వెనక్కు తీసుకున్న ఒక తుంటి కీలును మన దేశంలో 4,700 మందికి పైబడి అమర్చగా, 2018లో కేంద్ర నిపుణుల సంఘం నివేదిక వెలువడే నాటికి అత్యధికుల ఆచూకీయే దొరకలేదు. ఎముకలో బిగించిన లోహానికే పత్తా లేకపోతే, చర్మానికి అంటించి నెలకోసారి మార్చే బిళ్లకు పత్తా ఏమి ఉంటుంది? పరికరానికో నంబరు, నంబరుకో రోగి, రోగికో బాధ్యుడు, ఆ బాధ్యుడు రాత్రిపూట ఫోను ఎత్తకపోతే అతని పై అధికారి ఎవరో తెలిపే పట్టిక ఉండాలి. టీకా ఫ్రిజ్‌లకు ఈ పట్టిక ఉన్నదని పైన చెప్పాను.

తరంగాల విషయం పూర్తిగా కేంద్రం చేతిలోనిది, ఇందులో రాష్ట్రాల మీద నెట్టడానికి వీల్లేదు. ప్రాణాధారమైన సెన్సార్లకు ఇతరులు దారి విడవవలసిన మేర ఒకటి కేటాయించాలి. ఇంటర్నెట్ ఆపుతూ జారీచేసే ప్రతి ఉత్తర్వులోనూ వైద్య పర్యవేక్షణ సేవలను ఎట్లా కొనసాగిస్తారో రాయాలి. మొబైల్ సంకేతాన్ని మొత్తంగా ఆపకుండా కొన్ని చిరునామాలకు మాత్రం దారి తెరచి ఉంచడం సాధ్యమే. 2020 జనవరిలో కాశ్మీరులో ఎంపిక చేసిన వెబ్‌సైట్ల జాబితా ప్రకటించి ఆ పని చేసి చూపింది ప్రభుత్వమే.

ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది ఎన్నికై వచ్చారు. వారిలో వైద్యులున్నారు, ఆసుపత్రుల యజమానులున్నారు, సాంకేతిక విద్యాసంస్థలు నడిపేవారున్నారు. ఆరోగ్య శాఖ, టెలికాం శాఖ వేర్వేరు రోజులలో జవాబు చెబుతాయి కనుక ఒకే ప్రశ్నను రెండు శాఖలకు రెండు రకాలుగా వేయవలసి ఉంటుంది. లేనట్లైతే ఇది మాది కాదని ఒకరు, మాదీ కాదని ఇంకొకరు సెలవిస్తారు. నక్షత్రపు గుర్తున్న ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకు అట్లాంటివి ఇరవై మాత్రమే జాబితాకు ఎక్కుతాయి, వాటిలోనూ మంత్రి లేచి నిలబడి చెప్పవలసి వచ్చేవి సాధారణంగా మొదటి నాలుగో ఐదో.